ఒకే గిన్నెలో తినిన గురువు

1873 మే నెలలో బెల్జియము దేశస్థుడైన ఒక కతోలిక గురువు హవాయి ద్వీపములలోని మొలకాయి తీరమున దిగెను. పేరు డేమియన్, వయస్సు 33 ఏండ్లు. కుష్ఠరోగులను ఇంటివారి నుండి విడదీసి ప్రత్యేకముగా ఉంచవలెనని అక్కడి ప్రభుత్వము 1865లో శాసనము చేసెను. వెనుక నిటారైన కొండ, ముందు సముద్రము గల ఆ చోటికి వారిని పంపుచుండిరి.

ఆయన వారి పుండ్లు కడిగి కట్లు కట్టెను, ఇండ్లు వేసెను, శవపేటికలు చేసెను, గోతులు త్రవ్వెను. ఇంతవరకు తప్పు పట్టువారు లేరు. అయితే ఆయన వారితో కూడ ఒకే గిన్నెలో చేయి పెట్టి తినెను. తాను త్రాగు పొగగొట్టము వారికిచ్చి, మరల తాను త్రాగెను. 1884 చివర, మరుగు నీళ్లలో కాలు బొబ్బలెక్కినను ఆయనకు నొప్పి తెలియలేదు. 1889 ఏప్రిల్ 15న ఆ రోగముతోనే మరణించెను.

ప్రియ చదువరీ, ఇది ప్రేమయా, అవివేకమా? దూరముగా తినియుండిన యెడల మరికొన్నేండ్లు సేవ చేసియుండునని కొందరందురు. మాట నిజమే కావచ్చును. కాని ఆ దినములలో రోగము కుదుర్చు మందు ఎవరియొద్దను లేదు. రోగక్రిమిని నార్వేలో హాన్సెన్ అను వైద్యుడు కనుగొన్నది ఆ 1873లోనే. మందు లేని వైద్యుడు ఏమి ఇయ్యగలడు? వారికి లోకమంతయు ఇచ్చినది దూరమే. గురువు కూడ దూరముగా కూర్చుండి తినినయెడల, ఆయన కట్టిన కట్టును వారు ఏమని యెంచుకొందురు? మార్కు సువార్త మొదటి అధ్యాయములో ప్రభువు ఒక్క మాటతో బాగుచేయగలిగియు, చెయ్యి చాపి ముట్టెను గదా.

డేమియన్ చనిపోయిన పిమ్మట, హోనలూలులోని హైడ్ అను ప్రొటెస్టంటు బోధకుడు ఆయన మురికివాడు, మొండివాడు అని ఒక ఉత్తరములో వ్రాసెను. మనవాడే గనుక చెప్పుటకు సిగ్గగుచున్నది. 1890లో దానికి ఘాటైన జవాబు వ్రాసిన స్టీవెన్సన్ అను స్కాట్లండు గ్రంథకర్తయు ప్రొటెస్టంటుల ఇంట పుట్టినవాడే. అతడు డేమియన్ లోపములను దాచలేదు. ఆ లోపములు గలవాడే అక్కడికి వెళ్లెననియు, ఇతరులు ఇంట సుఖముగా నుండిరనియు చూపించెను.

నేడు ఆ పొగగొట్టమును అనుకరింపనక్కరలేదు. 1980ల నుండి మాత్రలతో ఈ రోగము పూర్తిగా నయమగుచున్నది. మందు మొదలుపెట్టిన కొద్దికాలమునకే అంటు పోవును. అయినను వ్రేళ్లు వంకరపోయిన సహోదరుడు బాగుపడి పదేండ్లయినను గుడిలో తలుపు ప్రక్కనే కూర్చుండుట చూచుచున్నాము. ప్రభువు బల్లయొద్ద పాత్ర అతని తరువాత ఎవరికి అందవలెనో, అతడే ముందుగా లెక్క చూచుకొని, అందరికంటె కడపట లేచి వచ్చును.