ఐదవ పిచ్చుక



తపస్సుకాలం వచ్చేసరికి మన ఊళ్ళలో వేపచెట్లు చిగురు తొడుగుతాయి, మామిడి పిందె పడుతుంది, కోయిల కూత అందుకుంటుంది. మనం గుడిలో సిలువమార్గం చేస్తుండగా పెరట్లో మరొక పని నడుస్తూ ఉంటుంది. మందార కొమ్మకో, బట్టలారవేసే తీగకో తేనెపిట్ట సంచివంటి గూడు వేలాడదీస్తుంది. సాలెపట్టు దారంతో పీచునూ ఎండుటాకులనూ అతికించి, ద్వారం మీద చిన్న చూరు కూడ దించుతుంది. ఆ కట్టుబడి చాలావరకు ఆడపిట్టదే. రెండు గుడ్లు పెట్టి, సుమారు రెండు వారాలు పొదుగుతుంది. పిల్లలను మేపేటప్పుడు మాత్రం మగపిట్ట కూడ పాలుపంచుకుంటుంది. (తండ్రులు ఈ మాట రెండుసార్లు చదువుకోవచ్చును.)

మీ పిల్లలకు ఆ గూటిని చూపించండి. దూరంగా నిలబెట్టి, మాటలాడకుండా, కాసేపు మాత్రమే. ఆకులు తొలగించి లోపలికి తొంగి చూస్తే తల్లి లేచిపోతుంది. ఎండకు గుడ్లు పాడవుతాయి, కాకి దారి కనిపెడుతుంది. మనిషి చేయి తగిలితే తల్లి పిల్లను వదిలేస్తుందని పెద్దలంటారు. అది సాధారణంగా నిజం కాదు. ఎగరడం నేర్చుకుంటూ కింద పడిన పిల్లను ఇంటికి తెచ్చి అట్టపెట్టెలో పెట్టనక్కరలేదు, దగ్గరి కొమ్మ మీద ఉంచి తప్పుకుంటే తల్లిదండ్రులే వచ్చి మేపుతాయి.

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో 6, 7 వచనాలు చదివారా? దారిలో పక్షిగూడు కనబడితే, పిల్లలను తీసుకున్నా తీసుకోవచ్చును గాని, వాటితోపాటు తల్లిని పట్టరాదు, దానిని పోనివ్వాలి. ఆకలిగొన్న బీదవానికి కూడ అక్కడ గీత గీశాడు దేవుడు. ఆశ్చర్యం ఆ తరువాతి మాటలో ఉంది. అలా చేసినవానికి మేలు కలుగుతుందట, దీర్ఘాయువు లభిస్తుందట. ఇదే వాగ్దానం అదే గ్రంథం 5వ అధ్యాయంలోనూ ఉంది. ఎవరికి? తల్లిదండ్రులను గౌరవించేవారికి. ఎవరూ చూడని దారిలో ఒక పిట్టను వదిలినవానికీ, నాలుగవ ఆజ్ఞను పాటించినవానికీ ఒకటే బహుమానం!

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈనాడు మన విచారణలలో ఎన్నో గూళ్ళు ఖాళీగా ఉన్నాయి. బిడ్డలు హైదరాబాదుకో, గల్ఫుకో, అమెరికాకో ఎగిరిపోయారు. ఎగరడం తప్పు కాదు, రెక్కలిచ్చిందే అందుకు. కాని పక్షికీ మనకూ ఒక తేడా ఉంది. తేనెపిట్ట పిల్లకు తిరిగి వచ్చి తల్లిని చూడమని ఆజ్ఞ లేదు. మనకుంది. దివ్యసత్ప్రసాదం తీసుకుని వెళ్ళినప్పుడు మంచం మీదున్న తల్లి నన్ను అడిగే మొదటి ప్రశ్న, తన కొడుకు ఫోను చేశాడా అని. నాకెందుకు చేస్తాడమ్మా, నీకు చెయ్యాలి గాని! ఈ మాట పైకి అనలేక ఊరుకుంటాను. ఇది చదువుతున్న కుమారులారా, కుమార్తెలారా, పత్రిక పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. మిగతాది తరువాత చదువుకోవచ్చును.

ప్రభువు కూడ పిట్టల ధర ఎత్తి మాటలాడారు. మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. ఆ కాసు రోజుకూలిలో పదహారో వంతు. లూకా సువార్తలో రెండు కాసులకు ఐదు. లెక్క ప్రకారం నాలుగే రావాలి గదా? ఐదవది కొసరు. అమ్మేవాడు లెక్కలోకి తీసుకోని ఆ కొసరు పిచ్చుకను కూడ దేవుడు మరువడని ప్రభువు సెలవిచ్చారు. ఇంట్లో తమను కొసరుగా ఎంచుతున్నారని బాధపడే ముసలివారికి ఈ లెక్క చదివి వినిపించండి.

తత్త్వశాస్త్రం చదివే రోజులలో పునీత తోమాసు అక్వీనాసు వారి వాదమొకటి నాకు బాగా నచ్చింది. దేవుని మంచితనాన్ని ఏ ఒక్క సృష్టీ పూర్తిగా చూపలేదు గనుకనే ఆయన ఇన్ని రకాలను సృజించాడని వారి భావం. 2015లో ఫ్రాన్సిస్ జగద్గురువులు ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో దీనినే గుర్తుచేశారు. ఒక జాతి నశిస్తే ఆ చూపులో ఒక భాగం ఆరిపోయినట్లే.

వీలైతే పిల్లలను గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికో, నేలపట్టుకో తీసుకువెళ్ళండి. ఎండలు ముదరకముందే వెళితే గూడబాతులను గూళ్ళ మీద చూడవచ్చును. మొదటి రెండు చోట్లా ఎర్రకాళ్ళ కొంగలు కూడ ఉంటాయి. ఇవి సైబీరియా నుండి వస్తాయని చాలామంది చెప్పుకుంటారు గాని, ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. తేలినీలాపురం వారు వాటిని తరతరాలుగా కాపాడుతున్నారు, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను చూసుకున్నట్లుగా. యిర్మీయా ప్రవక్త కొంగకు తన కాలం తెలుసునని చెప్పి, తన ప్రజలకు మాత్రం ప్రభువు విధి తెలియదని వాపోయాడు. హెబ్రీ భాషలో కొంగ పేరు ‘హసీదా’. ప్రేమ, విశ్వసనీయత అనే అర్థాలున్న ‘హెసెద్’ అనే పదానికి అది దగ్గరి చుట్టం. అక్కడ పాటల పెట్టె మోగించకండి. ఉండేలు జేబులో ఉన్న అబ్బాయిని ఇంటి దగ్గరే తనిఖీ చేయండి. 1972 నాటి చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లనూ గూళ్ళనూ పాడుచేయడం కూడ వేటే.

ఇక విచారణ పెద్దలకు ఒక మనవి. పాస్కా పండుగకు గుళ్ళకు సున్నాలు వేయిస్తున్నారు. వెనుకటి ఇళ్ళలో చూరుకు వరికంకుల కుచ్చులు కట్టి పిచ్చుకలను పిలిచేవారు. ఇప్పటి సిమెంటు గోడలలో వాటికి సందే లేదు. 84వ కీర్తనలో పిచ్చుకకూ వానకోయిలకూ దేవుని బలిపీఠాల చెంతనే చోటు దొరికింది. కనుక మరియమాత గుహ వెనుకనో, గంటగోపురంలోనో, లౌడ్ స్పీకరు పెట్టె మీదనో గూడు కనబడితే, అందులో గుడ్లు గాని పిల్లలు గాని ఉంటే, సున్నం వేసేవారికి ముందే చెప్పి ఉంచండి. ఆ ఒక్క మూల పండుగ తరువాత వేయవచ్చును. ఎవరైనా అడిగితే గురువుగారు ఆపమన్నారని చెప్పండి.