“కొందరి బలహీనత” ఎవరిది?



1903లో మన తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణ ఆఫ్రికాలోని నేటాల్‌కు మిషనరీగా పంపారు. కాబట్టి ఆ దేశపు సంఘ చరిత్ర మనకు బొత్తిగా పరాయిది కాదు. అక్కడ స్థిరపడిన డచ్చి సంతతివారైన ఆఫ్రికానర్లు తమ సంఘ చరిత్రను చాలాకాలము ఒకే తీరున వ్రాసుకొన్నారు. 1652లో కేప్‌కు వచ్చిన పితరులు, ఎద్దుబండ్ల ప్రయాణము, 1838లో జూలూలపై విజయము – ఇదంతా ఇశ్రాయేలీయుల అరణ్యయాత్ర వంటిదన్నారు. ఆ కథలో నల్లవారికి స్వంత నోరు లేదు.

అయితే సినడు తీర్మానములు మరొక కథ చెబుతాయి. ప్రభువు బల్లకు రంగుభేదము లేకుండ అందరూ రావలెనని 1829లో నిర్ణయించారు. 1857లో, కలిసి ఆరాధించుటే లేఖనానుసారమని ఒప్పుకొంటూనే, “కొందరి బలహీనత” కారణముగా వేరుగా కూడుకొనవచ్చునని అనుమతించారు. 1881లో మిశ్రమజాతి విశ్వాసులకు వేరు సంఘమే ఏర్పడింది. మినహాయింపు నియమమైంది. తరువాత వర్ణవివక్షకు వేదాంతపు అండ కూడ దొరికింది.

ఆ బలహీనత ఎవరిది? నల్లని సహోదరుని ప్రక్కన కూర్చుండలేని తెల్లవారిది. పౌలు బోధలో బలవంతుడు బలహీనుని కొరకు తన హక్కు వదులుకొంటాడు. ఇక్కడ బలవంతుడే బలహీనుడనిపించుకొని, రెండవవానిని బయటికి పంపాడు. చరిత్రకారుడు ఆ మాటను ప్రశ్నింపక నకలు వ్రాస్తే అబద్ధము వ్రాసినట్టు కాదు, గాని అన్యాయము చేసినట్టే.

పితరుల తప్పులు తవ్వితే భక్తికి నష్టము కాదా అని కొందరంటారు. ప్రార్థనను గూర్చి వ్రాసిన ఆండ్రూ మర్రేగారు ఆ సంఘపు కాపరియే. ఆయన భక్తిని ఎవరూ కొట్టివేయనక్కరలేదు. దావీదు చరిత్రనే చూడండి. దినవృత్తాంతములలో బత్షెబతో ఆయన చేసిన పాపము కనబడదు. రెండవ సమూయేలులో దాపరికము లేకుండ ఉన్నది. దేవుని ప్రజలు రెండు గ్రంథములనూ భద్రపరచుకొన్నారు.

బయటికి పంపబడిన ఆ మిశ్రమజాతి సంఘమే 1986లో బెల్హార్ విశ్వాసపు ఒప్పుకోలును అంగీకరించి, సంఘ ఐక్యత సువార్తలో భాగమని సాక్ష్యమిచ్చింది. 1990లో రస్టెన్‌బర్గ్ సభలో ఆఫ్రికానర్ వేదాంతి విల్లీ యోంకర్ తన పాపమును, తన సంఘపు పాపమును బహిరంగముగా ఒప్పుకొన్నారు. ఈ సంగతులు చరిత్ర చివర చేర్చే అనుబంధము కారాదు. అవే చరిత్రకు నడుమ నిలువవలెను.

మన సంఘముల జూబిలీ సంచికలు వ్రాసేది మనమే. కాపరుల ఫోటోలు, కట్టడపు లెక్కలతోపాటు, ఎవరు ఏ కారణముచేత వెనుక వరుసలో కూర్చున్నారో కూడ వ్రాయుటకు ప్రభువు మనకు ధైర్యము దయచేయును గాక.