తాతముత్తాతల సంగతి దాచాలా, చెప్పాలా?



స్వగ్రామం విడిచి మూడు నాలుగు తరాలైన మన కుటుంబాలలో పిల్లలు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "మనది అసలు ఏ ఊరు? ముత్తాత ఏం పని చేసేవాడు?" జవాబు తెలిసిన పెద్దలు కూడా మాట మార్చేస్తారు. ఆ కథ కదిలిస్తే కులం, కరువు, వెట్టిచాకిరి బయటపడతాయని వారి భయం.

ఒంగోలు ప్రాంతపు సంగతే చూడండి. 1876–78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం పని కంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపించారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం పొందారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, "మీవాళ్లు గంజి కోసం మతం మారారు" అని ఎగతాళి చేసేవారున్నారు. కాలేజీలో ఆ మాట విన్న పిల్లవాడు ఇంటికొచ్చి నిలదీస్తే మనమేం చెప్పాలి?

ముందు జరిగింది చెప్పాలి. కాలువ దగ్గర ఇచ్చింది భిక్ష కాదు, మట్టి తవ్వి మోసినందుకు కూలి. తిండి ఆశతో ఎవరూ రాకూడదని, సహాయం సాగినన్నాళ్లు దొరగారు బాప్తిస్మాలు ఆపివేశారు. పైగా యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొంది తన జనం మధ్య సువార్త చెప్పనారంభించింది 1866లో, అంటే ఆ కరువుకు పదేళ్ల ముందే.

అయినా కొందరు ఆకలితోనే వచ్చారనుకుందాం. అందులో సిగ్గు ఎవరిది? పస్తులున్నవాడిదా, వాడిని ఊరి వెలుపల ఉంచి బావి ముట్టనివ్వని వారిదా? మనిషి ఎందుకు వచ్చాడన్నది ఒక ప్రశ్న, వచ్చిన తరువాత ఎలా బ్రతికాడన్నది మరొక ప్రశ్న. కరువు పోయింది, కూలి పని ముగిసింది, సంఘాలు మాత్రం నిలిచాయి.

వంశావళులతో కాలం గడపవద్దని పౌలు తిమోతిని హెచ్చరించాడు కదా అని కొందరంటారు. నిజమే, గొప్పలకోసం వెదికే వంశచరిత్ర వ్యర్థమే. కాని మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోనే తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య కనబడతారు. దాచదలచిన వ్రాతగాడు వారిని విడిచిపెట్టేవాడు.

అయితే ఒక హద్దు ఉంది. గతించిన వారి కథ కుటుంబమంతటిది, బ్రతికి ఉన్నవారి గాయం వారి సొంతం. కులం తెలిస్తే ఇల్లు అద్దెకివ్వని వీధులు నేటికీ ఉన్నాయి. కనుక ఇంట్లో పిల్లలకు చెప్పడం వేరు, వీధిలో చాటడం వేరు. నోరు విప్పడానికి ఇష్టపడని అవ్వను బలవంతపెట్టవద్దు. ఆమె చెప్పినంతే వ్రాసుకోండి.

వెదకదలచినవారికి దారులున్నాయి. స్వగ్రామం దగ్గరి సంఘపు బాప్తిస్మపు, వివాహపు రిజిష్టర్లు, పాత కుటుంబ బైబిలు మొదటి పుటలు, సమాధిరాళ్లు చూడండి. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో పనిచేసినవారి ఇళ్లలో పాత ఉద్యోగపు కాగితాలుంటే చింపివేయకండి. యానాంవారు 1954 వరకు సాగిన ఫ్రెంచి పాలననాటి జనన మరణ రిజిష్టర్లు వెదకవచ్చు. ఇంటిపేరు, ఊరు, తాలూకా, చేసిన పని, ఈ నాలుగూ ఒక నోటుపుస్తకంలో వ్రాసి పెట్టండి. ఇంట్లో పెద్దవారుంటే ఈ ఆదివారమే మొదలుపెట్టండి. వారితోపాటు వెళ్లిపోయిన కథ ఏ రిజిష్టరులోనూ దొరకదు.