పార్కులో నెమలి, చేతిలో ఫోను

వానాకాలం పొద్దున హైదరాబాద్ కేబీఆర్ పార్కులో నెమలి పురి విప్పిందంటే నడిచేవాళ్ల కాళ్లు ఆగిపోతాయి. బంజారాహిల్స్‌కూ జూబ్లీహిల్స్‌కూ నడుమ సుమారు 142 హెక్టార్లలో పరుచుకున్న బండరాళ్ల అడవి అది. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరుతో 1998లో జాతీయ వనమైంది. చుట్టుపక్కల కాలనీల వాళ్లకు మాత్రం అది పొద్దున్నే నాలుగడుగులు వేసే చోటు. నెమలి అటు తిరిగితే ఫోన్లు అటు తిరుగుతాయి, ఇటు తిరిగితే ఇటు. ఐదారు ఫొటోలు తీశాక, అవి ఎలా వచ్చాయో చూసుకోవడానికి కొందరు తల దించుతారు. నెమలి ఇంకా ఆడుతూనే ఉంటుంది.

తల దించిన ఆ కాసేపట్లో చాలా పాత ప్రశ్న ఒకటుంది. ఎదుట ప్రత్యక్షమైనదాన్ని మనిషి చూస్తున్నాడా, దాచుకుంటున్నాడా? కెమెరా పుట్టకముందే మతాలు ఈ ప్రశ్న వేసుకున్నాయి. ఒక్కోటి ఒక్కో దారిలో జవాబు వెతికింది.

తిరుమల ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకువెళ్లనివ్వరు. గంటల తరబడి క్యూలో నిలబడ్డ భక్తుడికి స్వామి ఎదుట దొరికేది కొద్ది సెకన్లు. ఆ సెకన్లలో కూడా చాలామంది చేతులు జోడించి కళ్లు మూసుకుంటారు. ఇంత దూరం వచ్చింది చూడటానికే కదా అని బయటివాడికి అనిపించవచ్చు. భక్తుడి లెక్క వేరు. తాను స్వామిని చూడటం దర్శనంలో సగమే, స్వామి చూపు తన మీద పడటం మిగతా సగం. అలాగని ఈ సంప్రదాయానికి బొమ్మ అంటే గిట్టదని కాదు. అదే వెంకటేశ్వరస్వామి పటం లేని తెలుగు హిందువుల ఇల్లు అరుదు. పటానికి పూజగదిలో చోటుంది, సన్నిధిలో కెమెరాకు లేదు. ఎదురుగా ఉన్నప్పుడు ఎదురుగా ఉండాలన్న పట్టుదల ఆ నిబంధనలో వినిపిస్తుంది.

భాగవతం పదకొండో స్కంధంలో అవధూత ఒకరు యదు మహారాజుకు తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. భూమి, గాలి, పావురం, సాలెపురుగు, ఇలా చాలావరకు పొద్దున నడిచే దారిలో తారసపడేవే. ఆ వరుసలో బాణాలు చేసే మనిషి ఒకడున్నాడు. రాజు ఊరేగింపు బాజాలతో పక్కనుంచే వెళ్లినా అతడికి తెలియలేదు, మనసంతా బాణం మొన మీదే ఉంది. నేల మీద మోకాలు ఆనించి గడ్డిపువ్వు మీది మంచుబొట్టును ఫోకస్ చేస్తున్న మనిషిని చూస్తే ఆ బాణాల పనివాడు గుర్తొస్తాడు. వెనక ఎవరు వెళుతున్నారో అతడికి పట్టదు. కెమెరా చూపును చెదరగొడుతుందనే వాళ్లు ఆ మనిషిని ఒకసారి దగ్గరగా గమనించాలి.

మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా ఈ సంగతిని పరీక్షించారు. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ కొందరిని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నారు, కొన్నింటిని ఫొటో తీయమన్నారు. 2014లో అచ్చయిన ఫలితం ప్రకారం, ఫొటో తీసిన వస్తువులే తక్కువ గుర్తున్నాయి. గుర్తుపెట్టుకునే పనిని మనసు కెమెరాకు అప్పగించినట్టుంది. అయితే అదే అధ్యయనంలో, వస్తువులో ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకు ఆ నష్టం కలగలేదు. ఆ భాగమే కాదు, ఫొటోలో పడని మిగతా భాగం కూడా గుర్తుంది. 2017లో వచ్చిన మరో అధ్యయనంలో, తమకు నచ్చింది తామే ఎంచుకుని ఫొటోలు తీసుకున్నవాళ్లకు చూసినవి మరింత బాగా గుర్తున్నాయి. విన్నవి మాత్రం తక్కువ గుర్తున్నాయి. పార్కులో నడిచేవాళ్లు ఈ చివరి మాట పట్టించుకోవాలి. పికిలిపిట్ట రూపం ఫోన్లోకి ఎక్కుతుంటే దాని పాట చెవి దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతుందన్నమాట.

కాలం గురించి బౌద్ధులు వేసిన లెక్క ఇక్కడ ఆశ్చర్యం కలిగిస్తుంది. వసుబంధుడి అభిధర్మకోశం పగలూ రాత్రీ కలిపి ఒక రోజును 30 ముహూర్తాలుగా, ముహూర్తాన్ని 30 లవాలుగా, లవాన్ని 60 తత్‌క్షణాలుగా, తత్‌క్షణాన్ని 120 క్షణాలుగా విడగొడుతుంది. గుణిస్తే రోజుకు 64,80,000 క్షణాలు. అంటే ఒక్కో క్షణం సెకనులో 75వ వంతు. పొద్దుటి నీడలో మామూలు కెమెరా షట్టర్ తెరుచుకుని మూసుకునేది దాదాపు అంతసేపే. దేన్నయినా పుట్టిన క్షణంలోనే నశించేదిగా చూసిన ఆ తాత్వికులు ఫొటోను ఏమనేవారు? అందులోని నెమలి ఇప్పుడు ఎక్కడా లేదనేవారు. తీసిన మనిషి కూడా ఆ మనిషి కాదనేవారు. దిగులు పుట్టించాలని చెప్పిన మాట కాదది. పట్టు వదలడానికి అభ్యాసం. అలా చూస్తే ఫొటో దేన్నీ ఆపలేదు, ఒకటి గడిచిపోయిందని సాక్ష్యం చెబుతుందంతే.

ఈ సాక్ష్యాన్ని సాధనగా మార్చుకున్న మనిషి ఒకరున్నారు. థామస్ మెర్టన్ అమెరికాలోని కెంటకీలో, గెత్సెమనీ మఠంలో ట్రాపిస్ట్ శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసి. జీవితం చివరి ఏళ్లలో రచయిత జాన్ హోవార్డ్ గ్రిఫిన్ ఆయనకు ఒక కెమెరా ఎరువిచ్చారు. ఫిల్ములు కడిగించే పని కూడా గ్రిఫిన్ వైపే జరిగేది. మెర్టన్ తీసినవి మఠం చుట్టుపక్కల కనిపించేవే: చెట్ల వేళ్లు, పాత కుర్చీ, గోడ మీద నీడ. సొంత ఆస్తి ఉండకూడదని వ్రతం పట్టిన మనిషి చేతిలో అడిగి తెచ్చుకున్న కెమెరా ఉండటం, దానితో ఎవరూ కావాలనుకోని వస్తువులను తీయడం, ఈ రెండూ ఆలోచింపజేస్తాయి. 1968లో ఆయన భారతదేశం వచ్చారు. డార్జిలింగ్ దగ్గర రోజుల తరబడి కాంచనగంగను చూశారు, ఫొటోలు తీశారు, ఒక దశలో ఆ కొండతో విసిగిపోయారు. ఫొటోలకూ పోస్టుకార్డులకూ ఎక్కని మరో వైపు ఆ కొండకుందని, చూడదగ్గది అదేనని డైరీలో రాసుకున్నారు. అలా రాసినా ఆయన కెమెరాను పక్కన పెట్టలేదు. ఆ ఏడాది డిసెంబరు 10న బ్యాంకాక్‌లో మరణించేదాకా అది ఆయన వెంటే ఉంది. కనిపించే వైపును శ్రద్ధగా తీస్తూనే కనిపించని వైపు ఒకటుందని ఒప్పుకోవడం, ఈ ప్రశ్నకు దొరికిన జవాబుల్లో అన్నింటికంటే నిజాయితీ గలది.

చూపు ఎక్కడ దారి తప్పుతుందో తెలియాలంటే అంత దూరం పోనక్కర్లేదు, పాలపిట్ట కథ చాలు. దసరా నాడు జమ్మి దగ్గరికి వెళ్లి పాలపిట్టను చూసి రావడం తెలంగాణలో ఆనవాయితీ. ఊరి పొలిమేర దాటి, తీగల మీదా చెట్ల చివర్లలోనూ వెతికి, అది ఎగిరినప్పుడు రెక్కల్లో నీలం మెరిస్తే ఆ ఏడంతా మంచిదని సంతోషపడేవాళ్లు. ఊళ్లు నగరాలయ్యాక పిట్టను వెతకడం కష్టమైంది. దాంతో కొందరు దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, పండగనాడు జనం ముందుకు తెచ్చి డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, పిట్ట తనంతట తాను కనబడటంలోనే ఆ ఆచారం ప్రాణముంది. పంజరంలోని పిట్టను చూసినవాడికి ఆ శుభం ఎక్కడిది?

పార్కులో కెమెరా పట్టినవాళ్లు చాలామంది పంజరం పేరెత్తితేనే బాధపడతారు. అయినా గూడు బాగా కనబడాలని అడ్డొచ్చిన కొమ్మను పక్కకు వంచినప్పుడు, పిట్ట బయటికి రావాలని ఫోన్లో దాని కూతే పెట్టినప్పుడు వాళ్లు చేస్తున్నది ఆ పనే. కొమ్మ చాటు పోయిన గూటిలోని పిల్లలు ఎండకూ కాకులకూ దొరుకుతాయి. రికార్డు చేసిన కూత విన్న మగ పిట్ట తన హద్దులోకి మరొకటి వచ్చిందనుకుని, మేత మాని దాని కోసం వెతుకుతుంది. చూడబడేదాని మీద చూసేవాడు మోపే ఈ ఖర్చును ఏ సౌందర్యమూ సమర్థించదు. ఇక్కడ మొహమాటం లేకుండా గీత గీయాల్సిందే.

అవధూత గురువుల్లో తేనెటీగ కూడా ఉంది. పువ్వును నొప్పించకుండా కొంచెం కొంచెంగా సారం తీసుకోవడం దాని నుంచి నేర్చుకున్న పాఠం. దానికి ఇంకో పాఠం జతయింది: రేపటికని కూడబెట్టే ఈగ ఆ కూడబెట్టినదానితో పాటే నశిస్తుంది. పతంజలి యమాల్లో, జైనుల మహావ్రతాల్లో ఉన్న అపరిగ్రహం చెప్పేదీ ఇదే. ఫోన్లో మళ్లీ తెరవని వేల ఫొటోలు, మెమరీ నిండిందన్న హెచ్చరిక, దాని కోసం డబ్బు కట్టి కొనే అదనపు చోటు చూసి ఆ గురువులు ఈ పాఠాన్ని తమదిగా గుర్తుపట్టేవారు.

కూడబెట్టడానికి కాక ఇవ్వడానికి తీసే ఫొటోలూ ఉన్నాయి. సీజన్‌వాచ్ అనే పథకంలో బడిపిల్లలూ పెద్దలూ తమ దారిలోని ఒక చెట్టును ఎంచుకుని, దాని లేతాకులు, పువ్వులు, కాయలు ఎప్పుడొచ్చాయో వారం వారం నమోదు చేస్తారు. పిట్టల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో పొద్దున చూసిన పిట్టల జాబితాకు ఫొటో జతచేస్తే, ఆ పిట్ట అక్కడ ఉందనడానికి అది ఆధారమవుతుంది. కానుగ చెట్టు వేసవి మొదట్లో ఆకు రాల్చి, కొద్ది రోజుల్లోనే లేత పచ్చగా చిగురిస్తుంది. ఏడాది పొడుగునా అదే చెట్టు దగ్గర ఆగే మనిషికి ఆ మార్పు ఏ వారం మొదలైందో తెలుస్తుంది, వచ్చే ఏడు ముందుగా వచ్చిందో ఆలస్యంగా వచ్చిందో పోల్చుకోగలుగుతాడు. చెట్టుకు దీనివల్ల ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు.