పిల్లలు రాసుకునే పలక

దొనకొండలో ఒకావిడకు మట్టి మిద్దె ఉండేది. మీటర్ గేజీ బండ్లు తిరిగే రోజుల్లో మామగారు కట్టించింది. వేప దూలాలు, పైన చవుడు. ముగ్గురు పిల్లలు ఆ మిద్దె కిందే పుట్టి, అక్కడే పలకల మీద అఆలు దిద్దుకుని, పెళ్ళిళ్ళయి తలా ఒక దిక్కుకు వెళ్ళిపోయారు.

మన వైపు వాన ఎంతో తెలిసిందే. పడ్డ ఆ నాలుగు చినుకులూ ఆవిడ ఇంట్లోనే పడ్డట్టుండేవి. ఒక మూల మొదలైన కారుడు రెండేళ్ళకు నట్టింటికొచ్చింది. తపేలాలు పెట్టింది, పాత చీరలు పరిచింది. రాత్రుళ్ళు లేచి తపేలాలు పారబోసుకోవడంతోనే తెల్లారేది. మనిషి పాలిపోయింది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఇల్లన్నాక కారదా, మా అత్తగారి కాలంలోనూ కారేది గదా అనుకుంది.

మార్కాపురం పలకల కార్ఖానాలో పనిచేసే అక్క కొడుకు ఒకరోజు రైలు దిగి చూడ్డానికొచ్చాడు. తపేలాలు చూసి, మాట్లాడకుండా నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. దూలాలు తట్టాడు, గోడలు తడిమాడు.

"పిన్నీ, దూలాలు ఉక్కులా ఉన్నాయి. పైన ఒకచోట చవుడు కొట్టుకుపోయింది, అంతే. ఈసారి వచ్చేటప్పుడు నాలుగు పలకలు తెస్తా. సున్నం పోసి పరిస్తే చుక్క దిగదు."

ఆవిడ నవ్వింది. "పలకలెందుకురా నాకు? పిల్లల చదువులు ఎప్పుడో అయిపోయాయి గదా."

"రాసుకోవడానికి కాదు పిన్నీ."

"పలకతో ఇంకేం చేస్తార్రా? ఈ వయసులో పలక తెచ్చుకున్నానంటే ఊళ్ళో నవ్వరూ?"

పలక అంటే ముందు రాయి అని, ఆ రాయిని సముద్రాలు దాటించుకుని మరీ ఇళ్ళకు వేసుకునేవాళ్ళున్నారని చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. బండి టైమయింది, వెళ్ళిపోయాడు.

వారం తర్వాత మేస్త్రీ వచ్చాడు. అతను పైకెక్కలేదు. గుమ్మంలో నిలబడే తేల్చేశాడు. "ఇవాళ కాకపోతే రేపు నెత్తిన పడుద్దమ్మా. పిల్లలా, ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు. ఇంక నీకెందుకీ మిద్దె? కూల్చేస్తే పీడా పోద్ది."

నెత్తిన పడుద్దన్న మాట ఆవిడ గుండెలో పడింది. రెండు రోజుల్లో మిద్దె నేలమట్టమైంది. కారడం ఆగింది, మేస్త్రీ అబద్ధమాడలేదు. కానీ వంటిల్లు ఇన్నాళ్ళూ ఆనుకుని నిలబడింది మిద్దె గోడకేనని, వంటింటి గోడా బీటలిచ్చాక తెలిసింది. ఎండాకాలం రేకుల పంచ కింద ఒళ్ళు ఉడికిపోతుంటే, దూలాలు మేస్త్రీ బండెక్కిన రోజు గుర్తొచ్చింది. ఒక్కదానికీ చెద లేదు.

ఇక నీతి. పిల్లల పుస్తకాల్లో దాన్ని ఒక్క ముక్కలో చెప్పి పేజీ తిప్పేస్తారు. ఇక్కడ అలా కుదరదు, ఎందుకంటే ఈ మిద్దె గర్భసంచి. మేస్త్రీ మాటలో ఒక్క పదం మార్చి చూడండి. "పిల్లలు పుట్టేశారు, ఇంక గర్భసంచి ఎందుకు? ఉంచుకుంటే కేన్సరవుద్ది." ఈ మాట వినని ఇల్లు మనలో తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది 3 శాతం పైచిలుకే. అక్కర్లేని ఆపరేషన్ల మీద వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

పలక ఏమిటంటారా? హార్మోన్ లూపు. ఇంగ్లిషు అక్షరం 'టీ' ఆకారంలో, అంగుళం పైన కాస్త పొడవుండే మెత్తటి ప్లాస్టిక్ పుల్ల. అందులో 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటుంది. మొదట్లో రోజుకు 20 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో యాభై వేలో వంతు, గర్భసంచి లోపలే విడుదలవుతుంది. మాత్రలా ఒళ్ళంతా తిరిగి అక్కడికి చేరాల్సిన పని లేదు కాబట్టి అంత కొంచెం చాలు. దానితో లోపలి పొర పలచబడుతుంది. నెలనెలా ఊడి పడే పొరే పలచనైతే ముట్టూ తగ్గుతుంది. కుదురుకున్నాక చాలామందిలో రక్తస్రావం పదింట ఎనిమిది తొమ్మిది వంతులు తగ్గుతుంది. ఏడాది గడిచేసరికి ఐదుగురిలో ఒకరికి ముట్టే కనబడదు. అప్పుడు మన ఆడవాళ్ళకు పట్టుకునే భయం, చెడు రక్తం లోపలే పేరుకుపోతోందని. అక్కడ పేరుకోవడానికి ఏమీ తయారు కాలేదు.

ఇది మొదట 1990లో ఫిన్లాండ్‌లో వచ్చింది. వచ్చింది కుటుంబ నియంత్రణకే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో దానికే అనుమతిచ్చి, 2009లో అధిక రక్తస్రావానికీ వాడవచ్చని ఒప్పుకుంది. గర్భసంచి గోడలోకి పొర చొచ్చుకుపోయి వచ్చే నొప్పికి, ఎండోమెట్రియోసిస్‌కు, పొర అతిగా మందమైనప్పుడు దాన్ని అణచడానికి, ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ వాడేవాళ్ళలో ఆ పొరను కాపాడడానికి కూడా డాక్టర్లు వాడుతున్నారు.

మన దగ్గర చిక్కంతా పేరుతోనే. రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మందికి పిల్లల ఆపరేషన్ అయిపోయింది, అదీ చాలామందికి పాతికేళ్ళ లోపే. అలాంటామెకు నలభైలో ముట్టు ఆగకపోతే, డాక్టరమ్మ లూపు వేద్దామంటే ఏమంటుంది? "నాకు ఆపరేషనైపోయింది గదమ్మా, ఇంకా లూపెందుకు?" పలకల పిన్ని అన్నదీ ఇదే. ఇంట్లో అత్తగారికి, మొగుడికి అనుమానం కూడా రావచ్చు. ఈ సిగ్గుకు ఎంత రక్తం పోయిందో లెక్క కట్టినవాళ్ళు లేరు. రాష్ట్రంలో వందకు 59 మంది ఆడవాళ్ళకు రక్తహీనత అన్న లెక్క మాత్రం అదే సర్వేలో ఉంది.

ఇంకో ముడి కాపర్ టీ. సర్కారు ఆసుపత్రిలో మామూలుగా పెట్టేది అదే. అది ముట్టును పెంచవచ్చు, ఇది తగ్గిస్తుంది. చూడ్డానికి అక్కచెల్లెళ్ళు, పనిలో ఎదురుబొదురు. వదినకు కాపర్ టీతో పడనిదానికి మరదలు దీన్ని వద్దంటే పొరపాటే.

అలాగని ప్రతి కారుడుకీ పలక మందు కాదు. ముందు పైకెక్కి చూడాలి. స్కానింగ్, అవసరమైతే లోపలి పొర ముక్క తీసి పరీక్ష, ముఖ్యంగా 45 దాటినవాళ్ళకు. రొమ్ము కేన్సర్ ఉన్నవాళ్ళకు వేయరు. గడ్డలు గర్భసంచి ఆకారాన్నే మార్చేస్తే నిలవదు. కేన్సరే ఉంటే ఆపరేషన్ మాట తప్పదు, దూలాలు చెదపట్టిన మిద్దెను ఎవరూ నిలబెట్టలేరు. వేయించుకున్నాక మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తూనే ఉండవచ్చు. ఈ సంగతి ముందే చెప్పకపోతే రెండో నెలకే పీకించుకుంటారు, వాళ్ళ తప్పు కూడా కాదు.

వంటింటి గోడ సంగతి మిగిలింది. గర్భసంచితో పాటు అండాశయాలూ తీస్తే ముట్లుడగడం ఆ పూటే మొదలు. ఒళ్ళు ఆవిర్లు, ఎముకల బలహీనత, గుండెకు ముప్పు. అండాశయాలు ఉంచినా కొందరిలో ముందుగా అలసిపోతాయి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మోకాళ్ళు పట్టేసిన ఊళ్ళలో ఎముకల మాట వేరే చెప్పాలా?

లూపు పడకపోతే తీయించుకోవచ్చు, కింద దారం ఉంటుంది, డాక్టరమ్మ మెల్లగా లాగితే వచ్చేస్తుంది. అప్పటికీ ఆపరేషనే కావాలనుకుంటే అప్పుడు చేయించుకోవచ్చు. ముందు ఆపరేషన్ చేయించుకుని, తర్వాత లూపు వేయించుకుందామంటే మాత్రం వేయడానికి చోటుండదు.