ఆరిన దీపం, ఆరని కరెంటు

స్విచ్ ఆపితే దీపం ఆరుతుంది. కరెంటు పోయిందా అన్నది వేరే ప్రశ్న. స్విచ్‌ను ఫేజు తీగకు కాక న్యూట్రల్ తీగకు బిగించినా బల్బు మామూలుగానే వెలిగి ఆరుతుంది. హోల్డర్‌లో మాత్రం 230 వోల్టులు అలాగే ఉంటాయి. ఆరిన బల్బు తీసి లోపలి ఫేజు పిన్నుకు టెస్టర్ ఆనిస్తే, పిడిలో సన్నని ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. అద్వైతులు చెప్పే తాడు-పాము భ్రాంతి ఇక్కడ తిరగబడింది: అక్కడ తాడును చూసి పామని భయపడతారు, ఇక్కడ పామునే తాడనుకుని పట్టుకుంటారు.

నా ఇల్లు, నా ఇష్టం, తీగలు నేనే కలుపుకుంటాను అనే వాదన ఇక్కడే వీగిపోతుంది. తీగలు కలిపినవాడికి ఏది ఏదో తెలుసు. పదేళ్ల తర్వాత బల్బు మార్చే కోడలికో, అద్దెకు దిగినవారికో తెలియదు. బల్బు, ఫ్యూజు, స్విచ్ మార్చడం వంటివి తప్ప మిగతా పని లైసెన్సున్నవారే చేయాలని 1956 నాటి విద్యుత్ నిబంధనలు చెప్పాయి. అహింస అంటే చెయ్యెత్తకపోవడం మాత్రమే కాదు, కంటికి కనిపించని మనిషి చేతిని కాపాడడం కూడా.

అనంతపురంలో ఈ ధర్మం నేలలోకీ దిగుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే ఈ పీఠభూమిలో వేసవికి ఎర్రనేల ఎండిపోతుంది. ఎండిన నేల, లీకైన కరెంటును సరిగా లోపలికి తీసుకోదు. ఆ కరెంటును నేలలోకి దింపడానికి బొగ్గు, ఉప్పు నింపిన ఎర్త్ గుంతకూ తడి కావాలి. తాగేనీళ్లకే ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఆ గుంతలో బిందెడు నీళ్లు పోయడానికి చెయ్యి రాదు. బట్టలుతికిన నీళ్లయినా సరిపోతాయి.