కుండీ మారిన తీగ

వేంసూరు, సత్తుపల్లి, అశ్వారావుపేట పల్లెల్లో పామాయిల్ మొక్క నాటడం చాలామందికి చేతనైన పని. నర్సరీలో ఏడాది పెరిగిన మొక్కను తెచ్చి, పాలిథీన్ సంచిని కోసేసి, వేళ్ళకు పట్టిన మట్టిముద్ద చెదరకుండా గుంతలోకి దించుతారు. ఎకరానికి 57 మొక్కలు. అంత నేర్పరి చేతులు కూడా వసారాలో వేలాడే డాంకీ టెయిల్ అనే కండగల తీగకు కుండీ మార్చాలంటే జంకుతాయి.

ఈ మొక్కది మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతం. 1938లో ఎరిక్ వాల్తర్ దానికి సీడమ్ మోర్గానియానమ్ అని శాస్త్రీయనామం పెట్టాడు. చేయి తగిలితే చాలు, ఆకులు జలజలా రాలిపోతాయి. పెంచినవారికి ప్రాణం ఉసూరుమంటుంది. మొక్కకు మాత్రం అది కొత్త తావులకు పాకే దారి: రాలిన ఆకు మట్టి మీద ఊరికే పడి ఉన్నా వేరు వేసి, మొదలు దగ్గర పిలక లేపుతుంది. మన కంచెల మీది నల్లేరూ ఇంతే, విరిచి పడేసిన కణుపు దగ్గరే పాతుకుంటుంది. దక్షిణాఫ్రికాకు చెందిన స్ట్రింగ్ ఆఫ్ హార్ట్స్ అయితే తీగ పొడవునా చిన్న దుంపలు కట్టుకుంటూ పోతుంది; తెగినా ఆ దుంప నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది.

మరి కుండీ మార్చేటప్పుడు ఇంత జాగ్రత్త ఎవరి కోసం?

మూరెడు తీగ దిగడానికి ఏళ్ళు పడుతుంది. మొక్క మళ్ళీ మొదలుపెట్టగలదు; పెంచినవారికి ఆ ఏళ్ళు తిరిగి రావు. మెళకువంతా ఆ కాలాన్ని నిలుపుకోవడానికే, అందులో తప్పేమీ లేదు. నాలుగైదు రోజులు నీళ్ళు మానేస్తే ఆకుల బిగువు సడలుతుంది, మట్టి కుండీ అంచును వదులుతుంది. తీగలను మెత్తటి పాత నూలుచీర ముక్కలో వదులుగా చుట్టి, కుండీని పక్కకు వాల్చి, మట్టికి అరచేయి ఆన్చి జారనివ్వాలి. రాకపోతే లాగకూడదు, ప్లాస్టిక్ కుండీనే కోసెయ్యాలి. కొత్తది అంగుళం వెడల్పు ఎక్కువుంటే చాలు. మట్టిలో ఇసుక, సన్న గులకరాళ్ళు దండిగా కలపాలి. ఖమ్మం ఎండల్లోనూ, తడి ఆరని శ్రావణంలోనూ కాకుండా కార్తీకంలో ఈ పని పెట్టుకుంటే మేలు.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. మొక్క నాటి చెంబెడు నీళ్ళు పోయకుండా లేవడానికి మనసొప్పదు. పామాయిల్ మొక్కకు ఆ నీళ్ళు ప్రాణం. ఇక్కడ ఆ చెంబే ముప్పు: కదిలినప్పుడు తెగిన సన్న వేళ్ళు ఆరకముందే తడి తగిలితే కుళ్ళు పడుతుంది. వారంపాటు నీడలో పొడిగా వదిలేయాలి. ఆకుల్లో దాచుకున్న నీటితోనే డాంకీ టెయిల్ గడుపుకుంటుంది. ఆకురంధ్రాలను రాత్రిపూట తెరుచుకునే రకం కాబట్టి ఎండకు ఆ నీరు పెద్దగా పోదు. అయినా ఆకు మీద చిన్న ముడత కనబడగానే చేయి చెంబు మీదికి పోతుంది. దాహం మొక్కదా, చూసేవారి ఆందోళనదా అని ఆ క్షణంలో తేల్చుకోవడం నిజంగా కష్టం. తమ ఆందోళనే అని ఒప్పుకున్నవారి మొక్కలే ఎక్కువగా బతుకుతాయి.

రాలిన ఆకులను రెండు మూడు రోజులు ఆరబెట్టి అదే కుండీలో మట్టిపైన పరచవచ్చు. వాటిని పూడ్చనక్కర్లేదు.